పది చుట్లకు ఎన్ని గజాలు

పోయిన నెల పదకొండో తారీఖున రెంజల్ నుంచి మా పాత డ్రైవర్ కూతురు ఫోన్ చేసింది. "బాపు పోయిండు పంతులమ్మా. పొద్దున చాయ తాగిండు, గిలాస కింద పెట్టిండు, ఒరిగిండు. గంతే" అంది. ఎన్నేళ్లని అడిగాను. సరిగ్గా తెలియదంది. నాకు తెలుసు. 1965లో తనకు ముప్పై అయిదని ఆయనే చెప్పాడు. కూడుకుంటే తొంభై దాటినట్టు.

ఫోన్ పెట్టేశాక మొదట నాకు కలిగింది నిమ్మళం. దుఃఖం సాయంత్రానికి గాని రాలేదు. ఆయన తన మంచం మీద, చాయ తాగి, ముసలితనంతో పోయాడు. నిజానికి ముప్పై అయిదో ఏటనే, మా చెరకు మడిలో మధ్యాహ్నం రొట్టె తింటూ పోవలసినవాడు. అలా జరిగి ఉంటే అందులో సగం తప్పు నాదయ్యేది. ఇన్నేళ్లుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఎవరికీ నష్టం లేదు.

ఆయన ట్రాక్టర్ డ్రైవర్. బోధన్ చుట్టుపక్కల ట్రాక్టర్లను వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల్లో, 1956లో, క్లీనర్‌గా చేరి మూడేళ్లకు సీటెక్కాడు. అంతకు ముందు సంగతి నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషి మోకాళ్ల దాకా ఖాకీ నిక్కరు వేసుకుని, ట్రాక్టర్ ఎక్కే ముందు వంగి గుప్పెడు మట్టి పిసికి చూసి, ఆ చెయ్యి ఎడమ తొడకే తుడుచుకునేవాడు. అందుకే ఏ నిక్కరుకైనా ఎడమ వైపే నల్లగా ఉండేది. ఇంజన్‌ను ఎప్పుడూ మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఆయన పంచాయితీ అంతా వెనక చక్రాలతోనే. మధ్యాహ్నం భోజనం కూడా వాటి దగ్గరే. చెట్టు నీడ పది అడుగుల దూరంలో ఉన్నా పోడు. వెనక టైరుకు వీపు ఆనించి, కాళ్లు చాపి, జొన్న రొట్టె మీద ఉల్లిగడ్డ కారం పెట్టుకుని తినేవాడు.

"చెట్టు కింద తినరాదా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"చెట్టు నాకేం చెప్తది పంతులమ్మా? గిది చెప్తది" అన్నాడు, తల వెనక్కి వాల్చి టైరుకు తాకిస్తూ.

నేనప్పుడు బోధన్‌లో మిడిల్ స్కూల్ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. అందుకే ఆయనకు పంతులమ్మను. ఆయనకు చదవడం రాయడం రాదు. అంకెలు మాత్రం నోటికే కూడేవాడు, తీసేవాడు, మూడో వంతు నాలుగో వంతు చెప్పేవాడు. కానీ చదువురాని మనిషి నోటి లెక్కను మా బాపు, అంటే మా నాన్న, నమ్మేవాడు కాదు. "నువ్వు కాయితం మీద రాస్తే పటేలు నమ్ముతడు" అని ఆయనే నన్ను అడిగాడు. అలా ఆయన మాటకు నా నోటుబుక్కు సాక్ష్యమైంది. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ రాసే అంకెలన్నీ అందులోవే.

1964 నవంబర్‌లో ట్రాక్టర్ కొనడానికి నిజామాబాద్ వెళ్లాం. బాపు, నేను, ఆయన. దుకాణంలో రెండు ఉన్నాయి. ఒకటి ఎర్రది, ఎత్తయినది, నలభై హార్స్‌పవర్. రెండోది బూడిద రంగుది, పొట్టిది, ఇదివరకు ఎవరో వాడినది, ఇరవై అయిదు. దుకాణం అతను బాపును నేరుగా ఎర్రదాని ముందు నిలబెట్టాడు.

"నలభై గుర్రాలు పటేలా."

"యాడున్నయ్?" అన్నాడు ఆయన వెనక నుంచి.

"ఏవి?"

"గుర్రాలు."

"ఇంజన్ల ఉన్నయ్. ఇంకెక్కడుంటయ్?"

"ఇంజన్ల ఉంటే ఏం లాభం? నేలకు దిగాలె గద. నలభైల ఎన్ని దిగుతయ్?"

దుకాణం అతను నవ్వాడు. ఆయన నవ్వలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి, ఎర్రదాని వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. టైరు నేలను తాకే చోట ముందు ఒక పుల్ల, వెనక ఒక పుల్ల పెట్టి, ఆ రెండింటి మధ్య దూరాన్ని జానతో కొలిచాడు. తర్వాత బూడిద రంగుదాని దగ్గరికి పోయి అట్లాగే చేశాడు. "రాయి పంతులమ్మా. ఎర్రది జానెడు. గిది జానెడు మీద నాలుగు వేళ్లు" అన్నాడు. అంటే ఎర్రదాని టైరు గట్టిగా, గుండ్రంగా, కొంచెమే నేలకు తగులుతోంది. చిన్నదాని టైరు మెత్తగా పరుచుకుని ఎక్కువ నేలను పట్టుకుంటోంది. పట్టుకున్నంతే గుంజుతుందని ఆయన లెక్క.

మాకున్నది పన్నెండెకరాలు. అందులో ఏడు పై చెల్క, అంటే మెట్ట. మిగిలిన అయిదెకరాల చెరకు కాలువ కింద, ఊట నేల. నల్లమట్టి. మార్చి నెలలో కూడా మడమ పెడితే నీళ్లు ఊరేవి. అలాంటి చోటికి ఏ బండి కావాలో ఆయన చెప్పాడు, బాపు విన్నాడు. రెండు జతల ఎడ్లను అమ్మి బూడిద రంగుదాన్ని ఇంటికి తెచ్చాడు. ఎర్రదాన్ని మా పక్క పొలం పటేలు అదే వారం కొనుక్కున్నాడు. ఆ పటేలుకు అదొక పండుగ. దారిలో బాపు కనిపించినప్పుడల్లా, "జోడెడ్లను అమ్మి బర్రెదూడను తెచ్చినవేందే?" అనేవాడు.

బాపు ఎడ్ల కొట్టం ముందు నుంచి నడవడం మానేసి, చుట్టూ తిరిగి పొలానికి పోయేవాడు. ఫిబ్రవరిలో ఒకరోజు డ్రైవర్‌ను పిలిచి, నా ముందే చెప్పాడు. "నీ మాట మీద తెచ్చిన. ఈ కోత ఎల్లిందా, ఉంటవ్. మడిల దిగబడి కోత ఆగిందా, బండిని అమ్ముత, ఎడ్లను తెస్త. నీ తొవ్వ నువ్వు సూసుకో."

"బరాబర్ పటేలా" అన్నాడు ఆయన. ఆయనకు అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు. దిగబడిన డ్రైవర్ అన్న పేరు వస్తే ఆ చుట్టుపక్కల మళ్లీ సీటు దొరకదు.

చెరకు కోత మన ఇష్టం కాదు. ఫ్యాక్టరీ ఇచ్చిన పర్మిట్ తారీఖుల్లోనే కోసి తోలాలి. మాకు వచ్చినవి 1965 మార్చి పది, బుధవారం నుంచి పదహారు, మంగళవారం దాకా. ఏడు రోజులు. అందులో ఒకటి ఆదివారం. ఆదివారం ఆయన బోధన్‌లో చర్చికి పోతాడు, బండి ముట్టడు. "ఎడ్లకు సుత ఒకరోజు సెలవిస్తం గద పటేలా" అని ముందే చెప్పి పెట్టాడు. అంటే చేతిలో ఉన్నవి ఆరు రోజులు. నేను బడికి సెలవు పెట్టి మడి గట్టు మీద కూర్చున్నాను.

ఆయన పద్ధతి ఇది. వెనక చక్రం మీద, గాలి వాల్వు దగ్గరే సున్నంతో ఒక గీత. బండి కదిలినప్పుడు గీత ఉన్న చోట నేలలో ఒక పుల్ల. గీత పది చుట్లు తిరిగి వచ్చినప్పుడు ఇంకో పుల్ల. మధ్య దూరం ఎంతో చూడాలి. ఖాళీ బండి గట్టి రోడ్డు మీద పది చుట్లకు నలభై రెండు గజాలు పోయింది. చెరకు నింపిన ట్రాలీ తగిలించి మడిలో నడిపితే ఎన్ని గజాలు తగ్గితే, అంత మేరకు చక్రం ఊరికే తిరిగినట్టు. మొదట్లో ఆయన ఆ దూరాన్ని అడుగులతో కొలిచేవాడు. నేను ఒప్పుకోలేదు.

"పొద్దున నీ అడుగు పెద్దది, మాపటికి చిన్నది అన్నా."

"అలిసిపోత గద మరి."

"తాడు అలిసిపోదు" అని గజానికొక ముడి వేసిన తాడు తెచ్చాను. ఆయన దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ముడి ముడికీ తడిమి చూశాడు. ఆ తర్వాత అడుగుల మాట ఎత్తలేదు.

బుధవారం టైర్లలో ముప్పావు వంతు నీళ్లు నింపి దిగాడు. బరువు కోసం నీళ్లు పోయడం తెలిసిన పనే. నింపిన ట్రాలీతో పది చుట్లకు ముప్పై ఒక్క గజాలు వచ్చింది. నాలుగో ట్రాలీ ఊటలో దిగబడింది. పక్క పటేలు గట్టు మీదికి వచ్చి, "దూడ పండుకున్నదా?" అని అడిగి, తన ఎర్రదాన్ని దింపి గొలుసు కట్టించాడు. అదీ సులభంగా గుంజలేదు. చక్రాలు బురద చిమ్మి బాపు ధోవతి నిండా కొట్టాయి. మా డ్రైవర్ సిగ్గుపడవలసిన ఆ సమయంలో నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "ఎర్రదానికి కొలిచినవా?" అన్నాడు. కొలిచాను. ఖాళీగా నలభై ఎనిమిది పోయే బండి, మడిలో ఇరవై నాలుగు పోయింది.

"సగం" అన్నాడు. "నలభైల ఇరవై గుర్రాలే దిగినయ్. మనయి?"

నలభై రెండుకు ముప్పై ఒకటి. ఇరవై అయిదులో పద్దెనిమిదిన్నర. ఇంజనీర్లు ఇలా లెక్క వేస్తారో లేదో నాకు తెలియదు. మా లెక్క మాత్రం ఇదే.

"ఒకటిన్నర తక్కువ పడ్డది" అన్నాడాయన, ఎవరో తన జేబులోంచి తీసినట్టు.

ఆ సాయంత్రం కొట్టం దగ్గర ఆయనకు మొలాసిస్ డ్రమ్ము కనబడింది. చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డి. పశువుల దాణాలో కలపడానికని పర్మిట్ మీద తెచ్చింది. ఎడ్లు పోయాక అట్లాగే మిగిలిపోయింది. ఆయన వేలు ముంచి పైకెత్తి, మడ్డి జారడం చూస్తూ నిలబడ్డాడు.

"గిది నీళ్లకంటె బరువు గద పంతులమ్మా?"

కిలో నీళ్లు పట్టే చెంబు తెచ్చి, అందులో మడ్డి నింపి తూచాను. కిలో నాలుగు వందల గ్రాములు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. టైర్లలోంచి సగం నీళ్లు తీసేశాం. మడ్డి చిక్కగా ఉండి వాల్వులో దిగలేదు. నేనే కాగులో నీళ్లు వేడి చేసి తెచ్చి కలిపాను. పొద్దు గుంకే లోపల రెండు టైర్లూ నింపాడు. చక్రానికి ఎన్ని కిలోలు పెరిగిందో నేను లెక్క కట్టి చెప్పాను. ఆ లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ లేదు.

గురువారం పది చుట్లకు ముప్పై అయిదు గజాలు. నలభై రెండులో ఆరో వంతు పోయినట్టు. ఇరవై అయిదు గుర్రాల్లో దాదాపు ఇరవై ఒకటి నేలకు దిగాయి. ఎర్రదానికంటే ఒకటి ఎక్కువ. ఆయన ఆ మాట నాతో మూడుసార్లు చెప్పించుకున్నాడు, మూడోసారి బాపుకు వినబడేటట్టు. శుక్రవారం కూడా ముప్పై అయిదే. ఒక్క ట్రాలీ దిగబడలేదు. శనివారం పొద్దు గుంకేటప్పుడు ముప్పై మూడు. తడి పెరిగిందేమో అనుకున్నాం. ఆదివారం ఆయన తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోయాడు. బండి మడి పక్కన ఎండలో నిలబడింది. సోమవారం పొద్దున ఇరవై తొమ్మిది.

సోమవారం రెండుసార్లు దిగబడ్డాం. పక్క పటేలు గొలుసు పట్టుకుని వచ్చి, "బండికి ఏం మేత పెడుతున్నవ్‌రా?" అన్నాడు. ఆయన నవ్వాడు గాని, ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు. మంగళవారం, ఆఖరి రోజు, పొద్దున ఇరవై ఎనిమిది. పదకొండు గంటలకు ఇరవై ఆరు. ఇంకా ఒక ట్రాలీ చెరకు మిగిలి ఉంది. అది నింపి కదిలించగానే ఊట మధ్యలో ఆగిపోయింది. చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు. బాపు గట్టు మీద నిలబడి చూసి, ఇంటి వైపు నడిచాడు. ఎడ్ల బేరం మాట్లాడడానికని అందరికీ అర్థమైంది. కూలివాళ్లు తలలు వంచుకుని సద్ది విప్పుకున్నారు. ఆయన కూడా రొట్టె మూట తీసుకుని, ఎప్పటిలాగే వెనక టైరుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

నేను గట్టు మీద నోటుబుక్కు తెరిచాను. శనివారం ముప్పై మూడు. సోమవారం ఇరవై తొమ్మిది. మధ్యలో ఆదివారం. ఆదివారం బండి ఒక్క చుట్టు తిరగలేదు. టైరు అరగలేదు. మడి తడి పెరగలేదు, ఎండకు ఇంకా తగ్గింది. కదలని బండికి నాలుగు గజాలు ఎట్లా తగ్గుతాయి? బయట ఏమీ మారకపోతే, మారింది లోపలే.

అప్పుడు నాకు పొద్దున కొట్టంలో చూసింది యాదికొచ్చింది. టైర్లలో పోయగా మిగిలిన మడ్డి నీళ్లు ఒక కుండలో పోసి గుడ్డ కట్టి పెట్టాను. ఆ గుడ్డ ఉబ్బి ఉంది. అంచుల నుంచి నురగ కారుతోంది. పులిసింది, పారబొయ్యాలి అనుకుని వచ్చేశాను. బెల్లం నీళ్లు ఎండాకాలంలో ఏమవుతాయో తెలియని ఆడది మా ఊళ్లో లేదు. నాకూ తెలుసు. బరువు లెక్క కట్టేటప్పుడు మాత్రం అది నా తలలోకి రాలేదు. వేడి నీళ్లు కలిపింది నేనే. కుండకైతే గుడ్డ కట్టాను, పొంగి కారింది. టైరుకు వాల్వు బిగించాం. గాలి పోయే దారి లేదు. ఆ టైరు శనివారం నుంచి ఎండలో ఉబ్బుతోంది, ఉబ్బిన కొద్దీ గుండ్రమై నేల పట్టు తప్పుతోంది. నీళ్లు నింపిన టైరు మామూలుగానే రాయిలా ఉంటుంది కాబట్టి తన్ని చూసినా తెలియదు. అది ఇప్పుడు ఆయన వీపు వెనక ఉంది.

లేచి అరిచాను. "అన్నా! లే! టైరు ఇడిసిపెట్టి ఇటు రా!"

"ఏంది, పామా?"

"పాము కాదు. లే ముందు!"

"రొట్టె అయిపోనియ్ పంతులమ్మా. ఇగ తొందరేముంది?"

ఆయన్ను భయపెడితే లేవడని నాకు తెలుసు. అంకె చెప్పాను. "ఆదివారం బండి నడవలే. అయినా నాలుగు గజాలు తగ్గింది. లోపల మడ్డి పులిసి పొంగుతున్నది."

నమలడం ఆగింది. "నాలుగా?"

"నాలుగు. శనివారం ముప్పై మూడు, సోమవారం ఇరవై తొమ్మిది."

ఆయన రొట్టెను మెల్లగా గుడ్డలో పెట్టాడు. వీపును టైరు మీద నుంచి, అంటుకున్న కాగితాన్ని ఊడదీసినట్టు, కొంచెం కొంచెంగా తీశాడు. నాలుగు అడుగులు పక్కకు జరిగి, అప్పుడు నిలబడ్డాడు. "కూలోళ్లను గట్టు దాటియ్" అన్నాడు. దాటించాను. ఆయనను కూడా రమ్మన్నాను. రాలేదు.

"గిది పగిలితే పక్కకు పగుల్తది, ముందుకు కాదు" అని చెప్తూ, పొడుగు పటకారు తీసుకుని, టైరుకు ఎదురుగా బురదలో బోర్లా పడుకున్నాడు. అదృష్టం కొద్దీ సున్నపు గీత పై వైపు ఉంది, అంటే వాల్వు పైననే ఉంది. లేకపోతే గాలి బదులు మడ్డే వచ్చేది. మోచేతుల మీద కొంచెం లేచి, చెయ్యి సాచి, మొహం అవతలికి తిప్పుకుని మూత తిప్పాడు. వాల్వు పిన్నును పటకారు మొనతో నొక్కాడు.

ఈల లాంటి చప్పుడు మొదలైంది. తర్వాత నురగ. ఆయన తల మీద, మెడ మీద పడింది. చెయ్యి తీయలేదు. నేను ఒకటి, రెండు అని లెక్కపెడుతూ నిలబడ్డాను. మూడు వందల పన్నెండు దగ్గర చప్పుడు ఆగింది. రెండో టైరుకు రెండు వందల తొంభై. ఆ లెక్క దేనికీ పనికిరాదు. అయినా నోటుబుక్కులో రాసుకున్నాను.

అప్పటికి మడి అంతా కల్లు వాసన. గట్టు అవతల నుంచి ఒక ముసలి కూలి, "ఓ పంతులమ్మా, మాకింత పొయ్యరాదా?" అని కేక వేశాడు. మొదట ఒకరు నవ్వారు, తర్వాత అందరూ. గొలుసు పట్టుకుని వచ్చిన పక్క పటేలు వాసన చూసి, నడుము పట్టుకుని, "అబ్కారీ జవాను వస్తే బండిని జైల్ల ఏస్తడురో!" అన్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ గట్టు మీద కూలబడ్డాను, చాలాసేపు లేవలేదు.

ఆయన మొహం తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు. "నీ లెక్క తప్పలే పంతులమ్మా. పులుస్తదని ఇద్దరికీ ఎరుకే. ఇద్దరం మర్చిపోయినం" అన్నాడు. ఆ 'ఇద్దరం' అన్న మాట నేనెంత గట్టిగా పట్టుకున్నానో ఆయనకు తెలియదు.

టైర్లు ఇప్పుడు కింద మెత్తగా పరుచుకున్నాయి. జేబులోంచి రెండు పుల్లలు తీసి చూశాడు. జానెడు మీద అయిదు వేళ్లు. సీటెక్కాడు. ట్రాలీ ఒకసారి ఊగింది, బురద చప్పుడు చేసింది, తర్వాత మెల్లగా, ఆగకుండా గట్టెక్కి రోడ్డు మీదికి వచ్చింది. పది చుట్లకు ముప్పై ఆరు గజాలు. ఆ వారం మొత్తంలో అదే ఎక్కువ. పక్క పటేలు గొలుసు చుట్టుకుని భుజాన వేసుకుని పోయాడు. ఆఖరి ట్రాలీ ఫ్యాక్టరీ గేటు దాటేసరికి సాయంత్రం అయిదు గంటల నలభై నిమిషాలు. పర్మిట్ ఆ రోజే ముగిసింది.

ఆయన ఖాళీ ట్రాలీతో తిరిగి వచ్చి ఇంటి ముందు ఇంజన్ ఆపాడు. దిగలేదు. సీటు మీదే, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఉంచుతారో, పొమ్మంటారో వినాలి కదా. మధ్యాహ్నం జరిగిందంతా బాపుకు నేను అప్పటికే చెప్పేశాను. వేడి నీళ్లు కలిపింది నేనేనని కూడా చెప్పాను. బాపు గడపలోంచి లేచి బండి దగ్గరికి నడిచాడు. కొట్టం ముందు నుంచే నడిచాడు.

"పై చెల్క ఎన్నడు దున్నుతవ్?" అన్నాడు.

ఆయన సీటు దిగాడు. "టైర్లు కడిగి నీళ్లు పోసినంక, పటేలా. వట్టి నీళ్లు."

శుక్రవారం దున్నాడు. ఆ తర్వాత మా దగ్గర ఇంకా పదకొండేళ్లు దున్నాడు.